తిరిగి చెప్పాల్సిన మాట

లిఫ్టు పనిలో ఒక నియమం ఉంది. కింద లిఫ్టు కప్పు మీద నిలబడ్డవాడు ఒక మాట అంటాడు. పైన మోటారు గదిలో ఉన్నవాడు ఆ మాటను పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. విన్నాక కిందివాడు "సరే" అంటాడు. ఆ "సరే" చెవిన పడ్డాకే పైవాడు, కరెంటు ఆపాక లిఫ్టుని చేత్తో కదిపే చక్రం మీద చెయ్యి వెయ్యాలి. చూసేవాళ్ళకి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఈ ఆటలో ఒక్క మాట మింగేస్తే కింద మనిషి నుజ్జయిపోతాడు.

పోయిన ఏడాది బొజ్జాయన ఆ మాట మింగేశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్, పొద్దున్నే పావు సీసా పట్టించి పనికొచ్చాడు. కిందనుంచి "జానెడు కిందికి" అని వినబడిందో లేదో, తిరిగి చెప్పకుండానే చక్రం తిప్పేశాడు. కింద లిఫ్టు జారే పట్టా బిగించే బోల్టు దగ్గర చెయ్యి పెట్టింది ఎవరనుకున్నారు? స్వయానా అతని భార్య తమ్ముడు, అందరూ బక్కోడు అని పిలిచే మనిషి. కుడిచేతికి చివరి రెండు వేళ్ళు పోయాయి.

ఆ బక్కోడు ఏం చేశాడో వినండి. విచారణకొచ్చిన ఆఫీసరుకి ఎడంచేత్తో వంకరటింకరగా "నేనే తొందరపడి సరే అన్నాను, తప్పు నాది" అని రాసిచ్చాడు. బావ ఉద్యోగం నిలబడింది, అక్క కాపురం నిలబడింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. కలిసే పనికి వెళ్తున్నారు, కలిసే టీ తాగుతున్నారు. టీ గ్లాసు మాత్రం బక్కోడు ఎడంచేత్తో పట్టుకుంటున్నాడు.

ఇవాళ మళ్ళీ అదే పని. పదకొండంతస్తుల ఆఫీసు భవనం, డాబా మీద మోటారు గది, పొద్దున తొమ్మిదిన్నర. మెయిన్ స్విచ్ ఆపేసి ఇద్దరూ చెరో తాళం వేశారు. ఒకరికి తెలీకుండా ఇంకొకరు కరెంటు వెయ్యకుండా ఎవరి తాళం చెవి వాళ్ళ జేబులోనే ఉండాలి, అదీ నియమమే. బక్కోడు కిందికి దిగాడు. అతని అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక బొజ్జాయన పనిసంచి తెరిచి, పాతగుడ్డల అడుగునుంచి సీసా తీసి, రెండు గుక్కలు మింగాడు.

ఈయన తాగుడు మానేసి ఐదు నెలలైందని ఇంట్లో అందరూ చెప్పుకుంటున్నారు. మరి ఇదేమిటి అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

వేళ్ళ సంగతి జరిగాక బొజ్జాయన తాగనని భార్య తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పంతొమ్మిది రోజులు నిలబడ్డాడు. ఇరవయ్యో రోజునుంచి చాటుగా మొదలెట్టాడు. అంతలో మోకాళ్ళు పట్టేశాయి, పొట్ట బెల్టు దాటి బయటికొచ్చింది. డాక్టరమ్మ బరువు తగ్గడానికి వారానికో సూది రాసింది. పొట్ట దగ్గర చర్మం పట్టుకుని తనే పొడుచుకోవాలి. "తాగుతారా?" అని ఆవిడ అడిగితే "ఎప్పుడైనా, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ" అన్నాడు. పేరంటాల్లో ఎవరు పోస్తారో ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

మూడో సూది పడ్డాక ఒక సాయంత్రం అరలో దాచిన సీసా వంక చూస్తే ఏమీ అనిపించలేదు. ఒక గుక్క పోసుకుని సగంలో వదిలేశాడు. పొట్టతోపాటు ఆ యావ కూడా కరిగిపోయింది. ఇంట్లో పండగే పండగ. "మా ఆయన మనసు గట్టిది, అనుకుంటే చేసి చూపిస్తాడు" అని భార్య చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది. బక్కోడైతే ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వు మాట మీద నిలబడ్డావు బావా, అది చాలు నాకు" అన్నాడు. ఇది సూది మహిమరా అని చెప్పడానికి బొజ్జాయనకి నోరు రాలేదు. ఆ మెప్పు తియ్యగా ఉంది మరి. దొంగ మెప్పుకి రుచెక్కువ.

నెల కిందట డాక్టరమ్మ బరువు తూచి, "పద్నాలుగు కిలోలు తగ్గారు, చాలా బాగుంది. ఈ సూదులు దొరకడం లేదు, షుగరువాళ్ళకే చాలడం లేదు. మీకిక ఆపేద్దాం, నడక మాత్రం మానకండి" అంది.  తాగుడు మానింది ఆ సూది వల్లేనని చెప్పడానికి బొజ్జాయన నోరు తెరిచాడు. పక్క కుర్చీలో బక్కోడు, ఒళ్ళో హెల్మెట్టు, దానిమీద మూడు వేళ్ళ చెయ్యి. తెరిచిన నోరు మూసుకుని "అలాగేనండీ" అని లేచి వచ్చేశాడు.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం ఆకలి తిరిగొచ్చింది. మూడో వారానికి, ఐదు నెలలుగా కంటికి ఆనని సందు చివర బ్రాందీ కొట్టు బోర్డు మళ్ళీ కనిపించడం మొదలైంది. నిన్న సాయంత్రం కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. ఊరికే సంచిలో ఉంటుంది, తాగనుగా అనుకున్నాడు. ఇలాంటి మాటలు మనిషి తనకి తాను చెప్పుకున్నంత నమ్మకంగా ఇంకెవరికీ చెప్పలేడు.

గది మధ్యలో నేలకి రెండు రంధ్రాలున్నాయి. లిఫ్టు ఇనుపతాళ్ళు వాటిలోంచే కిందికి దిగుతాయి, మాటలూ వాటిలోంచే పైకి వస్తాయి.

"బావా, జానెడు కిందికి."

బొజ్జాయన చేతుల వంక చూసుకున్నాడు. వణకడం లేదు. సంచిలో సీసా ఉందన్న తలపుకే పొద్దుట్నుంచీ వణికిన చేతులు ఆ రెండు గుక్కలకి కుదురుకున్నాయి. అది చూసి అతనికి ముచ్చెమటలు పోశాయి, ఎందుకంటే ఆ రోజు కూడా చేతులు ఇలాగే కుదురుగా ఉన్నాయి.

తిరిగి చెప్పడం ఎంతసేపు? రెండు మాటలు. చెబితే కిందనుంచి వెంటనే "సరే" వస్తుంది. బక్కోడు ఆలోచించడు, అనుమానించడు. ఆ "సరే" వినడమే బొజ్జాయన వల్ల కాలేదు.

"బావా, వినబడిందా? జానెడు కిందికి."

"చెయ్యి బయటికి తీసెయ్," అన్నాడు బొజ్జాయన రంధ్రం మీదికి వంగి.

"తీసేశా. జానెడు—"

"నేను తిరిగి చెప్పను. నువ్వు పైకి రా."

 పదో అంతస్తు తలుపు కిర్రుమంది. మెట్లమీద అడుగులు మొదలయ్యాయి. సీసాని మోటారు వెనక దాచెయ్యడానికి బోలెడంత వ్యవధి ఉంది. బొజ్జాయన దాన్ని గది మధ్యలో నేలమీద పెట్టాడు. జేబులోంచి తన తాళం చెవి తీసి పక్కన పెట్టాడు.

బక్కోడు గుమ్మంలో నిలబడి సీసాని చూశాడు, తాళం చెవిని చూశాడు.

"ఎంత?"

"రెండు గుక్కలు."

"ఐదు నెలలు మానేశావు కదా బావా. ఇవాళేమొచ్చింది?"

"నేను మానలేదురా. సూది మానిపించింది. పొట్టకని ఇచ్చారే, అది పడ్డాక తాగాలన్న ధ్యాసే పోయింది. ఇందులో నేను చేసిందేం లేదు. మీరంతా మొనగాణ్ణంటుంటే ఊరుకున్నాను. ఇప్పుడది ఆపేశారు."

"ఆపేస్తానన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను కదా."

"నువ్వున్నావనే చెప్పలేదు."

బక్కోడి మొహం జేవురించింది.  

"నాకు నీమీద కోపం లేదనుకుంటున్నావేమో. ఉంది. రోజూ చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు వస్తుంది. అక్క మొహం చూసి ఆ కాయితం రాశాను. రాసి ఉండకూడదేమో, అదీ తెలీదు. రెండోసారి మాత్రం రాయను."

 బక్కోడు ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఫోను తీసి ఆస్పత్రి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి సీసా పక్కన ఉంచాడు.

"నేను ఒక్కో మాటా చెప్తాను. తిరిగి చెప్పు. ఒక్క ముక్క మింగినా ఊరుకోను."

ఫోనులో నర్సు పలికింది, ఆ తర్వాత డాక్టరమ్మ గొంతు వచ్చింది. "చెప్పండి."

"నేను రోజూ తాగేవాణ్ణి," అన్నాడు బక్కోడు మెల్లగా, బావ కళ్ళలోకి చూస్తూ.

"నేను... రోజూ తాగేవాణ్ణండీ."

"మీకు అబద్ధం చెప్పాను."

"మీకు అబద్ధం చెప్పాను."

"సూది పడ్డాక మానేశాను. ఆపాక మళ్ళీ తాగాను."

అదీ తిరిగి చెప్పాడు. చెబుతుంటే బొజ్జాయన చెవులు మండిపోయాయి, తలకాయ తీసేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు.

"ఆ సూది తాగుడు మానడానికని ఇచ్చేది కాదండీ. మీలాగే ఇంకొందరు చెబుతున్నారు, ఇంకా పరీక్షిస్తున్నారు. తాగుడుకే ఇచ్చే మాత్రలు వేరే ఉన్నాయి. మీకేది పడుతుందో రక్తం చూసి చెప్తాను. ఇవాళ ఇంక పని చెయ్యకండి, బండి నడపకండి, నేరుగా ఇక్కడికి రండి. ఒక్కటి నిజం చెప్పాలి. ఎంత తాగేవారు?"

బొజ్జాయన బక్కోడి వంక చూశాడు. బక్కోడు ఏమీ అందివ్వలేదు. అతనికి తెలిస్తే కదా అందించడానికి.

"రోజుకి అర సీసా అండీ," అన్నాడు బొజ్జాయన. "సెలవురోజు ఒకటి." అక్కడితో ఆగొచ్చు. ఆవిడ అడిగింది అంతే. అతను ఫోను వంక కాకుండా ఎదుటి మనిషి చేతి వంక చూశాడు. "వీడి వేళ్ళు పోయిన రోజు పొద్దున పావు."

ఏడాదిగా ఇద్దరికీ తెలిసిన మాటే, బయటికి రావడం ఇదే మొదలు. ఫోనులో డాక్టరమ్మ ఏదో రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

బక్కోడు తన చేతిని ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ, "వీడి వేళ్ళు పోయిన రోజు పొద్దున పావు," అని ఒక్క అక్షరం పోకుండా తిరిగి చెప్పాడు. చెప్పి, తలెత్తి, నియమం ప్రకారం ఆగాడు.



"సరే," అన్నాడు బొజ్జాయన.