చమ్రత్‌కు రావలసిన ఏడాది

మీరే కాజేశారు. వేరే ఎవరూ కాదు. జిల్లా కార్యాలయంలో ఫ్యాన్ల కింద కూర్చుని, కంప్యూటరు ఎంతంటే అంతే అనుకునే మీరు, ఒక మనిషి బతుకులోంచి నిండు సంవత్సరాన్ని కాజేశారు. ఎలాగో మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

ఆ బుధవారం పొద్దున ఏడింటికే బంట్రోతు చమ్రత్ ఆఫీసు మెట్లు కడుగుతున్నాడు. ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. మడమలు పగుళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళు ఫైళ్ళ మూటలు మోసిన కుడి భుజం ఎడమ భుజం కంటే రెండంగుళాలు కిందికి వాలి ఉంటుంది. నది మీంచి బురదవాసన వస్తోంది. కడిగిన మెట్టే మళ్ళీ కడిగాడు. చీపురు పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, గుమ్మం దగ్గరి నల్లబల్ల మీద మన బుద్ధ శకం లెక్కన ఆనాటి తేదీ రాశాడు: 30 సెప్టెంబర్ 2541. అది తన కొలువుకి ఆఖరి తేదీ. ఆ నల్లబల్ల మీద రోజూ రాసేది అతనే కాబట్టి అదీ అతనే రాసుకున్నాడు.

అరవై నిండినవాళ్ళు ఆ ఏడు సెప్టెంబరు ముప్ఫైన దిగిపోవాలి. అది రూలు. చమ్రత్‌కు రూలుతో పేచీ లేదు. పేచీ అంతా అరవై దగ్గరే.

ఆ పొద్దున వెనక క్వార్టర్లో భార్య లమై అతనికి జావ పెట్టింది. ఉప్పగా ఉండే చేప రసం పొరపాటున రెండుసార్లు పోసింది.

"ఉప్పెక్కువైందా?"

"సరిపోయింది."

"అబద్ధాలాడకు. గుటక మింగే చప్పుడు నాకు వినపడదా?"

ఆమె రెండు కళ్ళ మీదా బియ్యం కడుగు లాంటి తెలుపు కమ్మింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి నవంబర్ పన్నెండున రమ్మన్నారు. మొగుడు కొలువులో ఉన్నన్నాళ్ళే ఆమె వైద్యం ఉచితం. ఆ సాయంత్రం నాలుగున్నరకి కొలువు పోతే, ఆసుపత్రి చీటీ కూడా చెల్లదు. అందుకే చమ్రత్ కూర్చోలేకపోతున్నాడు.

ఎనిమిదికి జెండా ఎక్కించగానే రికార్డుల బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ విపా అనే పాతికేళ్ళ పిల్ల కంప్యూటరు మీది గుడ్డ తీస్తోంది.

"పెదనాన్నా, మళ్ళీ వచ్చావా? నిన్న చెప్పాగా!"

"నిన్న చెప్పింది నాకెక్కలేదమ్మా. ఇవాళ ఇంకోసారి చెప్పు."

"నువ్వు పుట్టింది ఫిబ్రవరి 14, 2481. ఇది 2541. తీసేస్తే అరవై. మిషనూ అరవయ్యే అంటోంది. నేనేం చెయ్యను?"

చమ్రత్ జేబులోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇది మా అన్న తోంగ్‌దీది. ఏప్రిల్ 3, 2481. మా ఇద్దర్లో పెద్దోడెవడో చెప్పు."

విపా రెండు కాగితాలూ చూసింది. "కాగితం ప్రకారం... నువ్వే."

"వాడు గోడ పట్టుకుని నిలబడే వేళకి నేను పుట్టానమ్మా! వాడు వదిలేసిన లాగూలే తొడిగి పెరిగాను. అయినా మా అమ్మ రెండు నెలల తేడాతో ఇద్దర్ని ఎట్లా కన్నదంటావ్?"

పన్నుల బల్ల నుంచి ఎవడో కేకేశాడు: "మీ అమ్మకి బాగా తొందర, పెదనాన్నా!"

అందరూ నవ్వారు. విపా నవ్వలేదు. ఆ రెండు తేదీలనూ మళ్ళీ చదివింది.

ఇందులో మాయేమీ లేదు. వెనకటి రోజుల్లో మన దేశంలో ఏడాది ఏప్రిల్ ఒకటిన మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు ఏడాది కొసన వచ్చేవి. కాబట్టి 2481లో ఏప్రిల్ ముందు, ఫిబ్రవరి తర్వాత. అన్న ముందు పుట్టాడు, పది నెలలకి తమ్ముడు పుట్టాడు. తర్వాత సర్కారు ఏడాది మొదలును జనవరికి మార్చింది. ఆ మూడు నెలల్లో పుట్టిన పాతవాళ్ళకి ఇప్పటి లెక్కలో ఒక ఏడు కలపాలి. చమ్రత్ పుట్టింది ఇప్పటి లెక్కకి 2482. అరవై నిండేది వచ్చే ఫిబ్రవరిలో. దిగవలసింది వచ్చే సెప్టెంబర్లో. పాత గుమాస్తాలు ఇది వేళ్ళ మీద లెక్క కట్టేవారు. మిషన్‌కి ఎవరూ చెప్పలేదు. అడిగిన మనిషిని మాత్రం వెర్రివాణ్ణి చేశారు.

ఉప అధికారి విచియన్ కాగితాలు చూసి కళ్ళద్దాలు తీశాడు.

"నిజమే చమ్రత్. మా తాతదీ ఇదే గొడవ. ఆయన జనవరిలో పుట్టాడు."

"అయితే సంతకం పెట్టండి సార్."

"ఆధారం ఉండొద్దూ? నువ్వూ నేనూ అనుకుంటే సరిపోతుందా?"

చమ్రత్ స్టోర్‌రూమ్‌లో దూరాడు. ఏ మూట ఎక్కడుందో ఆ ఆఫీసులో అతనికొక్కడికే తెలుసు. రెండు గంటలు తుమ్ముతూ, మూటలు దించుతూ, ఎక్కిస్తూ వెతికాడు. చెదలు సగం తిన్న 2483 నాటి గెజిట్ తెచ్చి విచియన్ ముందు పెట్టాడు. ఏడాది మొదలును మార్చిన చట్టం అందులో ఉంది. విచియన్ దాన్ని పైకి చదివి, తల ఊపి, జాగ్రత్తగా మడిచి, "భోంచేశాక ఫోన్ చేద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం వీడ్కోలు విందు. బియ్యపు సేమ్యాలో కొబ్బరిపాల కూర. విచియన్ మాట్లాడుతూ, ఇరవై తొమ్మిదేళ్ళలో చమ్రత్ ఒక్క పూట ఆలస్యంగా రాలేదన్నాడు. చప్పట్లు కొట్టారు. చమ్రత్ మెడలో మల్లెదండతోనే ఎంగిలి పళ్ళేలు ఎత్తడం మొదలుపెట్టాడు.

"ఇవాళైనా కూర్చో పెదనాన్నా," అంది విపా.

"మూడయిందమ్మా. ఫోన్ చేశారేమో కనుక్కో."

మూడుంపావుకి ప్రధాన కార్యాలయం పలికింది. విచియన్ ఫోన్లో చాలాసేపు "అవును సార్, అవును సార్" అన్నాడు.

"ఒప్పుకున్నారు చమ్రత్. నీ లెక్కే రైటట."

చమ్రత్ చేతులు జోడించాడు.

"కానీ ఈ ఏటి జాబితా మూసేశారు. అర్జీ పెట్టుకో, జనవరి సమావేశంలో చూస్తారు."

"నవంబర్లో మా ఆవిడ కళ్ళు సార్."

"నేనేం చెయ్యగలను చెప్పు?"

"నా లెక్క రైటని మీ కలంతో ఒక్క ముక్క రాయండి. ఆసుపత్రివాళ్ళ కాళ్ళు నేను పట్టుకుంటాను."

విచియన్ కిటికీలోంచి నది వైపు చూశాడు. "రేపు చూద్దాంలే," అన్నాడు. రేపటికి చమ్రత్ ఆ ఆఫీసు మనిషే కాడు. అది ఇద్దరికీ తెలుసు.

చమ్రత్ నిలబడే అర్జీ రాశాడు. పుట్టిన తేదీని రెండు లెక్కల్లోనూ రాశాడు. నాలుగున్నరకి తాళాలు విపా చేతిలో పెట్టాడు. ఆ పిల్ల వంగి దండం పెట్టింది.

క్వార్టర్ ఖాళీ చేయడానికి గంట కూడా పట్టలేదు. చాప, రెండు గిన్నెలు, బట్టల మూట. అన్న తోంగ్‌దీ పడవ తెచ్చి రేవులో ఆపాడు.

"ఎక్కు అన్నయ్యా," అన్నాడు తమ్ముడితో. "సర్కారు నిన్ను పెద్ద చేసింది. ఇక నీ మాటే నేను వినాలి."

చమ్రత్‌కు నవ్వు రాలేదు. లమై కాలితో పడవ అంచు తడుముకుంది. అతను ఆమె మోచెయ్యి పట్టి కూర్చోబెట్టి, తాను మాత్రం నిలబడే ఉన్నాడు. పడవ మలుపు తిరిగింది.

అర్జీ విచియన్ బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా చమ్రత్ దాని మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి వెళ్ళాడు. నవంబర్ పన్నెండుకి ఇంకా నలభై మూడు రోజులున్నాయి. జనవరి దాకా ఆగడానికి వీల్లేదు. విచియన్, ముందు నీ సంతకం పెట్టు. మూసిన జాబితా తెరవండి. మిషన్‌కి ఆ మూడు నెలల సంగతి నేర్పండి. ఇదంతా ఈ పూటే మొదలుపెట్టండి. ముందు ఆ గ్లాసు ఎత్తండి.