గోడ మీద మట్టయ్య

మట్టయ్యను కౌంటరుకు ఇవతల, కొనేవాళ్ల మధ్య చూడటం తోటి ఫార్మసిస్టు సౌజన్యకు అదే మొదటిసారి. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ మందుల షాపులో ఇరవై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా అవతలి వైపు నిలబడ్డ మనిషి ఆయన. కళ్లకు శుక్లాలు వచ్చాయని పోయిన నెలలో ఓనరు తిరుపతి మాన్పించాడు. ఒక శాలువా కప్పి, మైసూర్‌పాక్ డబ్బా చేతిలో పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి మరీ పంపించాడు.

"బీపీ గోలీలు ఒక షీటియ్యి బిడ్డా. పైసలు మల్ల ఇస్త."

సౌజన్య చెయ్యి అర దాకా పోయింది. గల్లా దగ్గర కూర్చున్న తిరుపతి తల కూడా ఎత్తలేదు. "ఉద్దెర లేదు మట్టన్నా. నీకెరుకే గదా."

"నా గ్రాచ్యుటీల పట్టుకో సేఠ్."

"గ్రాచ్యుటీ నౌకరీ చేసినోనికి ఒస్తది. నువ్వు నౌకరీ ఎప్పుడు చేసినవే? సర్టిఫికెట్ కిరాయికిచ్చినవ్, నెలనెలా కిరాయి తీస్కున్నవ్. సంతకం గూడ పెడితివి."

"గట్లయితే నా సర్టిఫికెట్ నాకియ్యి. ఇంకో కాడ చేస్కుంట."

"ఇంకోడు దొరికేదాంక ఉండనీ. గోడకేం బరువు?"

మందుల కోసం నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. తిరుపతి తల మీద గోడకు అద్దాల ఫ్రేము ఉంది. అందులోని సర్టిఫికెట్ ఫోటోలో నల్లటి మీసాలతో, ఒత్తయిన జుట్టుతో పాతికేళ్ల మట్టయ్య ఉన్నాడు. ఆ కాగితం లేకపోతే షాపుకు లైసెన్సు లేదు. ఒక షాపులో ఉన్న కాగితం ఆ ఓనరు వదిలితే తప్ప ఇంకో షాపుకు చెల్లదు. మనిషి పనికిరాడట, మనిషి పేరు మాత్రం కావాలట! సౌజన్య సర్టిఫికెట్ కూడా తిరుపతిదే అయిన మన్సూరాబాద్ షాపు గోడకు వేలాడుతోంది. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె చెయ్యి వెనక్కి వచ్చేసింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలు దాటలేదు. మట్టయ్య పని అడుక్కుంటూ హయత్‌నగర్ దాకా నడిచాడు. ప్రతి షాపులోనూ ఒకటే మాట, తిరుపతి దగ్గర వదిలించుకుని రమ్మని. తిరిగి నడిచి వస్తూ ఎల్బీనగర్ చౌరస్తాలో పడిపోయాడు. పక్షవాతం. దవాఖానలో రెండో రోజు పోయాడు.

తిరుపతి మెడలో ఉద్యమ కండువాతో వచ్చి శవం మీద దండ వేశాడు. "మన నల్గొండ బిడ్డ. రాష్ట్రమొస్తే గిసొంటి బతుకులు బాగుపడతయి," అని కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గులేని కళ్లు! మట్టయ్య భార్య అండాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పైసలియ్యకపోతే మాయె సేఠ్. గా పటం ఇయ్యి. వయసుల ఉన్నప్పటి ఫోటో గదొక్కటే."

"ఒస్తది, ఒస్తది," అంటూ చెయ్యి విడిపించుకున్నాడు. మర్నాడు షాపు తెరిచేసరికి మట్టయ్య ఎప్పటిలాగే గోడ మీద డ్యూటీలో ఉన్నాడు.

ఆ ఆదివారం ఎల్బీనగర్ షాపు ఫార్మసిస్టు బాపిరాజు ఇంటి డాబా మీద మట్టయ్య సంగతి తేల్చుకోవాలని తిరుపతి షాపులవాళ్లంతా కూర్చున్నారు. జీతం ఎంతో ఒకరికొకరు చెప్పుకుంటే ఆ రోజే పని పోతుందని తిరుపతి షరతు. అందుకే జీతం మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి హయత్‌నగర్ షాపు సాయినాథ్ లేచాడు.

"ఉన్నమాటంటే ఏంది? మీ ఆంధ్రోళ్లకే ఎక్కువిస్తుండని సేఠే చెప్పిండు. మీ ఇంట్ల మాకు మీటింగేంది?"

బాపిరాజు మొహం ఎర్రబడింది. "నాతో ఏమన్నాడో తెలుసా? ఉద్యమం నడుస్తోంది గదా, లోకల్ కుర్రాళ్లకే ఎక్కువిస్తున్నాను, భీమవరం వాడివి నోర్మూసుకుని పడుండు అన్నాడు. చెప్పు, నీకెంత?"

సాయినాథ్ చెప్పాడు. బాపిరాజు చెప్పాడు. రెండూ ఒకటే.

టీలు పట్టుకొచ్చిన బాపిరాజు భార్య కుసుమకుమారి ట్రే కింద పెట్టింది. ఆమె సర్కారు దవాఖానలో ఫార్మసిస్టు. "నేనూ ఈయనా ఒకే కాలేజీ, ఒకే డిప్లొమా. ఇచ్చేవీ అవే మాత్రలు. రిటైరయ్యాక నాకు పెన్షనొస్తుంది. మా తమ్ముడు బెజవాడలో కంపెనీ షాపులో చేస్తాడు, వాడికి పీఎఫ్ అన్నా ఉంది. మీకేమొస్తుందండీ? శాలువానా?"

"పీఎఫ్ ఒద్దన్నది మనమే అక్కా," అంది సౌజన్య. "కోతలు లేకుండ నిండుగ చేతికొస్తదని మురిసి కిరాయి కాగితం మీద సంతకాలు పెట్టినం." మట్టయ్యకు ఇవ్వని మాత్రలు ఇంకా ఆమె చేతిలో ఉన్నట్టే ఉంది. "సరే, కిరాయే అనుకుందాం. కిరాయికిచ్చినంక సామాను ఎవరిది? ఇచ్చినోనిది గాదా? మనది మనం తెచ్చుకుంటే ఆడెవడు అడ్డం?"

బాపిరాజు మెల్లగా నవ్వాడు.

షాపులు మూశాక ఇబ్బంది పడకూడదని రెండు రోజుల పాటు షుగరువాళ్లకు, గుండె జబ్బువాళ్లకు ముందుగానే మందులు ఇచ్చి పంపారు. బుధవారం ఉదయం జనం చూస్తుండగా సౌజన్య స్టూలెక్కింది.

"ఏయ్, దిగు! అది షాపు సామాను!" తిరుపతి అరిచాడు.

"సామాను గాదు సేఠ్, మట్టన్న." ఫ్రేము దించి, కొంగుతో దుమ్ము తుడిచింది. తిరుపతి షాపులన్నిటిలోనూ అదే వేళకు ఫ్రేములు దిగాయి, షట్టర్లు పడ్డాయి.

ఫ్రేములు గుండెలకు ఆనించుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటు దగ్గరికి వచ్చారు. తిరుపతి అంతకు ముందే వచ్చి మైకు పట్టుకున్నాడు. "అన్నలారా, ఆంధ్రోడు బాపిరాజు మన దుకాణాలు మూపిస్తుండు! ఉద్యమంల చిచ్చు పెడుతుండు!"

టెంటులోవాళ్లు లేచారు. ఎవరో బాపిరాజు కాలరు పట్టుకున్నారు. సాయినాథ్ మధ్యలో దూరాడు. "నన్ను కొట్టుర్రి ముందు! మట్టన్నను చంపింది ఆంధ్రోడు గాదు. గా మైకు పట్టుకున్నోడు!"

వాళ్లతో వచ్చిన అండాలమ్మ ముందుకొచ్చి సౌజన్య చేతిలోని ఫోటో చూపించింది. "గీయన నా పెనిమిటి. సచ్చిపోయిండు. గీ సేఠ్ ఇయ్యాల్టి దాంక ఆయనతోని పని చేపిచ్చుకున్నడు. తెలంగాణ ఒస్తే సచ్చినోళ్లకన్న సెలవిస్తరా నాయినా?"

కాలరు మీది చెయ్యి జారిపోయింది. ఎవరో మైకు వైరు పీకేశారు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. తిరుపతి ఫిర్యాదు దొంగతనం. తమ పేర్లను తామే దొంగిలించారని సౌజన్యను, బాపిరాజును, సాయినాథ్‌ను జీపెక్కించారు. స్టేషన్లో ఫ్రేములన్నీ బల్ల మీద పేర్చి గోనెసంచిలో వేసి లక్క సీలు కొట్టారు. "కేసు తేలేదాంక ఇది కోర్టు సొత్తు," అన్నాడు ఎస్ఐ. అండాలమ్మ ఒక్కసారి ముట్టుకుంటానంది. కానిస్టేబులు ఆమెను బయటికి నెట్టాడు.

సాయంత్రం ఇంకా వెలుగుండగానే గేటు దగ్గర గోల మొదలైంది. ఎస్ఐ కిటికీలోంచి చూశాడు. కొత్తపేట నుంచి, వనస్థలిపురం నుంచి, తిరుపతి పేరైనా తెలియని షాపుల నుంచి ఫార్మసిస్టులు వస్తున్నారు. ప్రతి ఒక్కరి చంకలో ఒక ఫ్రేము.

"మేం గూడ దొంగలమే సార్! రాసుకోండ్రి!"

"గేటెయ్ రా!" అని ఎస్ఐ కేకేశాడు. గేటు పడలేదు. అడ్డంగా అండాలమ్మ కూర్చుని ఉంది.

"మా ఆయన లోపల సంచిల ఉన్నడు సారూ," అంది. "ఆయన్ని ఇడిసిపెట్టేదాంక నేను లేవ."

ఆమె పక్కన ఒకరు కూర్చున్నారు. ఆ పక్కన ఇంకొకరు.