గంటన్న లెక్క

అన్నయ్య చనిపోయిన నెలకు పూజ చెప్పించడానికి వచ్చిన, దర్జీపని చేసే చెల్లెలికి చర్చి గుమ్మంలోనే ఒళ్ళు మండింది. అన్ని బల్లలకీ కలిపి ఐదుగురు. అందులో ఒకాయన కునికిపాట్లు పడుతున్నాడు.

అన్నయ్యను అందరూ గంటన్న అనేవారు. నలభై ఏళ్ళు ఆ చర్చి గంట తాడు లాగింది ఆయనే. విచారణలో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే ఇళ్ళల్లో, ఎవరు పోయినా వాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు కొట్టడం అక్కడి ఆనవాయితీ. మొదటి దెబ్బకే ఆడవాళ్ళు పొయ్యి తగ్గించి వేళ్ళు మడిచేవారు. లెక్క ఆగిన చోట పోయిందెవరో తెలిసిపోయేది. కబురు పంపే పని లేకుండా వీధి వీధంతా కదిలొచ్చేది.

గంటన్న మంచాన పడగానే పెద్దలు ఒక డబ్బా కొన్నారు. మీట నొక్కితే మైకులో గంట మోగుతుంది. ఎవరు పోయినా పన్నెండే. గంటన్న పోయిన రోజు డబ్బా పన్నెండు కొట్టింది, వీధంతా మధ్యాహ్నమైందనుకుని భోజనాలకు కూర్చుంది. శవపెట్టె మోయడానికి ఆరుగురు దొరకలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

పూజ అయ్యాక ఆమె చల్లకొచ్చి ముంత దాచలేదు. మా అన్నయ్యకు అరవై ఒక్క దెబ్బలూ కొట్టించండని ఫాదర్‌గారిని అడిగేసింది. ఆయనా గంటన్న ఈడువాడే. పోయిన వారం ఆయన అరవై ఒకటో పుట్టినరోజుకు విచారణంతా వచ్చి కేకు తినిపోయింది. మంచివాడే, కాకపోతే మంచి మాటలతో పని తప్పించుకునే రకం. తాడు తీసేశామనీ, డబ్బా పన్నెండుకన్నా ఎక్కువ కొట్టదనీ, అయినా దేవుడికి లెక్కలు అక్కర్లేదనీ అన్నాడు.

"దేవుడికి కాదు ఫాదర్‌గారూ. ఆయనకి తెలుసు. వీధికి తెలియలేదు."

ఆయన దీవించి లోపలికి వెళ్ళిపోయాడు. దీవెనతో ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది.

మొహం కడుక్కుందామని వెనక్కి వెళితే అక్కడుంది తాడు, ఫాదర్‌గారి వంటగది వెనక దండెమై. అన్నయ్య అరచేతులు ఒరుసుకుపోకూడదని కొసన తాను కుట్టిపెట్టిన మందపాటి గుడ్డ తొడుగు అలాగే ఉంది. దాని మీద ఫాదర్‌గారి మేజోళ్ళు ఆరుతున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆమె మేజోళ్ళు తీసి గోడ మీద పడేసింది, తాడు విప్పి భుజాన వేసుకుని గంట గూటికి నిచ్చెనెక్కింది. యాభై ఐదేళ్ళ మనిషి. కోపానికి మోకాళ్ళ నొప్పులుండవు. గంట నాలుకకు రెండు ముళ్ళు వేసి దిగి, లాగడం మొదలుపెట్టింది.

ఇరవై దగ్గర వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. నలభై దాటేసరికి తొడుగున్నా అరచేతులు బొబ్బలెక్కాయి. అరవై ఒకటికి ఆపింది.

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న వాళ్ళంతా ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. అరవై ఒకటంటే ఎవరో వాళ్ళకి తెలుసు, కేకు తిని వారమేగా అయింది. చప్పుడుకి ఫాదర్‌గారు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పాలామె ఉన్నచోటే కూలబడింది.

"బతికే ఉన్నారా ఫాదర్‌గారూ?"

"ఆయనకేం, నిక్షేపంలా ఉన్నాడు," అంది చెల్లెలు. "పోయింది మా అన్నయ్య. నెలైంది. మీ ఇళ్ళల్లో ఎవరు పోయినా ఒక్క దెబ్బ తక్కువ కొట్టని మనిషి. ఆయన పోయిన పూట మీరు భోజనాలు చేశారు."

ఆ రోజు తెలియలేదనీ, తెలిశాక రావడానికి మొహం చెల్లలేదనీ పాలామె గొణిగింది. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు.

ఫాదర్‌గారు తన కోసం ఏడ్చిన మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. మెట్లు దిగి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నా వంతు వచ్చినప్పుడు డబ్బా వద్దమ్మా. చేత్తోనే కొట్టించండి."

ఆమెకు జాలి కలగలేదు.

"ముందు మీ మేజోళ్ళు ఎక్కడ ఆరేసుకుంటారో చూసుకోండి," అని, తాడు కొసను అన్నయ్య చెయ్యి అందే ఎత్తున పాత కొక్కేనికి తగిలించింది.