మూడో విడతలో తాతయ్య పడటం లేదు

నేను ఒక పోస్టుకార్డును. కవరుకి ఉన్నపాటి మర్యాద నాకు లేదు. కవరు తన కడుపులో ఉన్నది ఎవరికీ చూపించదు. నన్ను మాత్రం పోస్టుమాస్టరు మొదలుకుని పక్కింటివాళ్ళ దాకా అందరూ చదువుతారు, చదివి ఏమీ ఎరగనట్టు అందిస్తారు. మనుషులు అంతే, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

ఎక్కడో అచ్చయి, వందమందితో కలిసి ఒక కట్టలో నర్సీపట్నం పోస్టాఫీసు సొరుగులోకి చేరాను. నాతో వచ్చినవాళ్ళు తలోదారి పట్టారు. ఒకడు పురుడు కబురు మోసుకెళ్ళాడు, ఇంకొకడు చావు కబురు. నేను కూడా అలాంటి గొప్ప పని మీదే వెళ్తానని ఆశపడ్డాను. నన్ను కొన్నది బట్టలు కుట్టే నూకరత్నం. కొన్నది టీవీ వాళ్ళని తిట్టడానికి.

అప్పట్లో ప్రతి గురువారం సాయంత్రం ‘మూడో వాటా’ అని ఒక హాస్య ధారావాహిక వచ్చేది. మూడు వాటాల ఇల్లు, మూడో వాటాలో ఒక అత్త, ఒక కోడలు, వాళ్ళ గొడవలు. టీవీ వాళ్ళు పదమూడు వారాలకి ఒక విడత చొప్పున వేసి, కొన్ని నెలలు ఆగి మళ్ళీ మొదలుపెట్టేవారు. నూకరత్నం ఆ అరగంటా మిషను మీద గుడ్డ కప్పేసి, కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. పక్కన కాజాలు కుట్టే తోటికోడలు పైడమ్మ కూర్చునేది. ఇద్దరూ కలిసి ‘గురువారం ప్రేక్షకుల సంఘం’ అని పేరు పెట్టుకున్నారు. సంఘానికి నూకరత్నం అధ్యక్షురాలు. పైడమ్మ మిగతా సంఘం.

మూడో విడత నడుస్తుండగా ఒక వారం ఆట అయిపోగానే నూకరత్నం ముఖం కందగడ్డ చేసుకుని నన్ను బయటికి తీసింది.

“సూసేవా పైడీ, ఆ ముసిలాయన పడతన్నాడా, ఒరుగుతన్నాడా?”

“పడ్డాడు కదేటి.”

“పడనేదు. తలుపు పట్టుకుంటన్నాడు. మూడు వారాలై సూత్తన్నాను.”

ముసలాయన అంటే ఆ కథలో పక్కింటి భుజంగం తాతయ్య. వారం వారం పేపరు అడిగి పట్టుకుపోవడానికి వచ్చేవాడు. పేపరు చేతిలో పడగానే చదువుకుంటూ బయల్దేరి, గడప తట్టుకుని నిలువునా బోర్లా పడేవాడు. పడ్డచోటే పేజీ తిప్పి, “రేపు వాన పడుతుందటమ్మా” అనేవాడు. ఆ ఒక్క ముక్క కోసం ఊళ్ళకి ఊళ్ళు ఎదురుచూసేవి.

నూకరత్నం చీమల బారులాంటి అక్షరాలతో నన్ను నింపింది. “అయ్యా, మొదటి విడత బంగారం. కుళాయి దగ్గర అత్తాకోడళ్ళు పోట్లాడుకున్న వారం నవ్వాపుకోలేక ఒకరి జాకెట్టుకి చెయ్యి తిరగేసి కుట్టాను. రెండో విడతలో కోడలికి ఉద్యోగం ఇచ్చి వేరే ఊరు పంపేశారు. కోడలు లేని ఇంట్లో అత్త ఎవరితో పోట్లాడుతుంది? మూడో విడతలో అత్తకి ఇన్నాళ్ళూ లేని కవల తమ్ముణ్ణి తెచ్చారు. మీ దగ్గర కథ అయిపోయిందని మాకు తెలిసిపోయింది. సరే, అదీ భరిస్తాం. భుజంగం తాతయ్య చేసే మోసం మాత్రం భరించలేం. ఎడమ చేత్తో తలుపుచెక్క పట్టుకుని మెల్లిగా ఒరుగుతున్నారు. పడటానికి బద్ధకమైతే ఇంట్లో కూర్చోమనండి.”

ఇంత కారం మోస్తూ సంచుల్లో, రైల్లో పడి హైదరాబాదు చేరాను. టీవీ ఆఫీసులో ఉత్తరాలు చూసే ఆవిడ నన్ను చదివి నవ్వుకుని, భుజంగం వేషం వేసే ఆయన పేరు మీద పక్కన పెట్టింది. నటుల గురించి వచ్చిన ఉత్తరాలని రబ్బరు బాండు వేసి షూటింగు రోజున వాళ్ళకే ఇవ్వడం అక్కడి అలవాటు.

ఆయన పేరు యజ్ఞనారాయణ. అరవై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు నాటకాల్లో తిరిగి, ఈ వయసులో ఈ పడటంతో పేరు తెచ్చుకున్నాడు. మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుని నన్ను చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు ఎడమ చెయ్యి తుంటి మీదికి పోయింది. ఆ కీలు అరిగిపోయిందని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. పడటం సంగతి అటుంచి మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే నాలుగో విడతలో తాతయ్య ఉండడు. అందుకని తలుపు పట్టుకోవడం మొదలుపెట్టాడు. డైరెక్టరు చూడలేదు, కెమెరా పట్టినవాడు చూడలేదు. బట్టలు కుట్టుకునే నూకరత్నం చూసింది.

మేకప్ వేసే అతనితో ఆయన, “ఇన్ని ఉత్తరాలొచ్చాయి కదయ్యా, అన్నింట్లోనూ బ్రహ్మాండం అనే రాశారు. వీళ్ళెవరూ నన్ను చూట్టం లేదనుకున్నా. ఒకావిడ చూస్తోంది” అన్నాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. నన్ను చింపి అవతల పారేసి, హాయిగా తలుపు పట్టుకునేవాడు. కోపం రాలేదు. నన్ను మడతపడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి సిగ్గేసింది, అదే సమయంలో సంతోషం కూడా వేసింది.

ఆ రోజు విడతలో ఆఖరి భాగం షూటింగు. ఆయన పేపరు రెండు చేతులా విప్పి పట్టుకుని గడప దాకా వచ్చాడు. నేను గుండెకి ఆనుకుని ఉన్నాను, ఆ గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. తలుపుచెక్క పక్కనే ఉంది. పట్టుకోలేదు. మొదటి విడతలో పడ్డట్టే నిలువునా పడ్డాడు. నేను ఆయన కింద రెండుగా మడతపడ్డాను. ఎముక విరిగిన చప్పుడు విన్నది నేనొక్కదాన్నే. ఆయన పేజీ తిప్పి, “రేపు వాన పడుతుందటమ్మా” అన్నాడు. గొంతు ఎక్కడా వణకలేదు. అందరూ పగలబడి నవ్వారు. కట్ చెప్పాక కూడా లేవకపోతే, ఇంకా నవ్విస్తున్నాడనుకుని మరికాస్త నవ్వారు.

ఆసుపత్రిలో ఆయన చొక్కా మడిచి భార్య కామాక్షమ్మ చేతికిచ్చారు. జేబులో నేను దొరికాను. వరండాలో బల్ల మీద కూర్చుని చదువుకుంది. నన్ను ముక్కలు చేస్తుందనుకున్నాను, చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. మళ్ళీ మడిచి తన సంచిలో పెట్టుకుంది.

నెల తర్వాత ఆ భాగం టీవీలో వచ్చింది. అప్పటికి ఆయన ఇంట్లో మంచం మీద ఉన్నాడు, లేచే ఆశ తగ్గిపోయింది. తరువాతి వారంలో నూకరత్నం రెండో కార్డుని టీవీ ఆఫీసు వాళ్ళు ఇంటికి పంపారు. కామాక్షమ్మ పైకి చదివింది. “తాతయ్య గారూ, పడటమంటే ఇదీ. మా సంఘం మీకు చేసే నమస్కారాలు. నాలుగో విడతలో కూడా ఇలాగే పడాలి.”

“మళ్ళీ చదవవే” అన్నాడాయన.

ఆవిడ మళ్ళీ చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది.

“ఈవిడకి నిజం రాసి పడేస్తానండీ. తెలియాలి.”

“వద్దు. బాగుందని రాసింది కదా. బాగానే పడ్డాను కదా. ఇంక దాన్ని పాడు చెయ్యకు.”

మాఘమాసంలో ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. ఆయన పోయాడు. వేసవిలో నాలుగో విడత మొదలైంది, భుజంగం తాతయ్యగా ఇంకొకాయన వచ్చాడు. పేర్లు వేసేటప్పుడు ఆ మార్పు గురించి టీవీ వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. నూకరత్నం మూడో కార్డు రాసింది. ఉత్తరాలు చూసే ఆవిడ పాత అలవాటు కొద్దీ దాన్ని యజ్ఞనారాయణ ఇంటికే పంపింది.

“కొత్తాయన పడటం తెలియని మనిషి. నాలుగో విడత చూడాలనిపించడం లేదు. పాతాయన ఎందుకు మానేశారు? అంత బాగా పడి, ఇప్పుడు మళ్ళీ బద్ధకమా?”

కామాక్షమ్మ ఆ కార్డుని రెండు రోజులు బల్ల మీదే ఉంచింది. మూడో రోజు కొత్త కార్డు తెచ్చుకుని, నన్ను పక్కన పెట్టుకుని జవాబు రాసింది.

“నూకరత్నం గారికి, ఆయన బద్ధకించలేదమ్మా. మాఘంలో నిమ్ము చేసి కాలం చేశారు. మీరు బాగుందని రాసిన కార్డు రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన తలుపు పట్టుకుంటున్నారని మీరు రాసేదాకా నాకు తెలియదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. ప్రతి గురువారం ఆయన పక్కన కూర్చుని నవ్వుతూ చూశాను. మీరు చూసింది నేను చూడలేకపోయాను.”

అక్కడ కలం ఆగింది. కార్డులో ఇంకా సగం చోటుంది. ఇప్పుడు నా వంతు వస్తుందని ఎదురుచూశాను. నేను చేసింది రాయాలి, రాస్తే నా బరువు కొంత తగ్గుతుంది. ఆవిడ నా వంక చాలాసేపు చూసింది. తర్వాత “ఉంటాను” అని రాసి, కింద సంతకం చేసింది. తుంటి ఎముక మాట గానీ, నేను ఆయన జేబులో ఉన్న మాట గానీ రాయలేదు.

ఆ కార్డు నర్సీపట్నం చేరే ఉంటుంది. నూకరత్నం మిషను ఆపి చదువుకుని ఉంటుంది. మంచి మనిషి, ఏడ్చే ఉంటుంది. తన మాట విని తలుపు వదిలేసినందుకే ఆయన ఎముక విరిగిందని మాత్రం ఆవిడకి ఎప్పటికీ తెలియదు.