కిటికీలో మనిషి

నేను ఒక రేకు రాకెట్టును. ప్రదర్శన ఇంకో అరగంటలో మొదలవుతుందనగా, నా కిటికీలో కూర్చోవాల్సిన మనిషి లేడని బయటపడింది.

ఆ మనిషి బొటనవేలంత వ్యోమగామి. ఎర్ర శిరస్త్రాణం, చెరగని నవ్వు. వాడు లేకపోయేసరికి నేనెవరినో నాకే అర్థం కాలేదు.

అసలు నా పుట్టుకే అయోమయం. మనిషి మొదటిసారి అంతరిక్షానికి వెళ్ళొచ్చిన ఏడాది, ఆ నౌక ఎలా ఉంటుందో చూడకుండానే జపానులో ఎవరో నన్ను చేశారు. అసలుది గుండ్రటి బంతిలాంటిదట. నాకేమో మూడు రెక్కలు, కింద చక్రాలు, పక్కన తాళంచెవి. అంతరిక్షంలో చక్రాలెందుకని ఇంతవరకూ ఏ మనిషీ అడగలేదు.

నన్ను మద్రాసు బజారులో కొన్నది చెంగయ్య. తర్వాత ఆయన శ్రీహరికోటలో ఫిట్టరయ్యాడు. ప్రయోగానికి ముందు పెద్దలు రాకెట్టు నమూనాను దేవుడి ముందు పెట్టడం చూసి, తన వంతుగా నన్ను సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తీసుకెళ్ళేవాడు. నిజమైన రాకెట్టును బిగించే చేతులు, తాళం తిప్పితే నడిచే బొమ్మకు కుంకుమ పెట్టేవి. మా రెండు రాకెట్లలో ఎవరు ఎవరికి నకలో నాకు తేలేది కాదు. మిగతా కాలమంతా ట్రంకు పెట్టెలోనే. ఆ చీకట్లో అప్పుడప్పుడు గరుకు వేళ్ళు నా మనిషిని తీసేవి, మళ్ళీ కూర్చోబెట్టేవి. ఎందుకో తెలియదు.

ఇప్పుడు చెంగయ్యకు ఎనభై దాటాయి. నన్ను ఈ బడి ప్రదర్శనకు ఇచ్చాడు. గది తాళం అటెండరు మస్తాన్ దగ్గర ఉంది కాబట్టి హెడ్మిస్ట్రెస్ వసుంధర గారు అతణ్ణే నిలదీశారు.

“పరాయివాళ్ళ వస్తువు. నా పూచీ మీద తెచ్చానయ్యా. ఎక్కడ పెట్టావు?”

“నా బిడ్డల మీద ఒట్టు మేడం, నాకు తెల్దు. పొద్దున బొమ్మ తుడుస్తానని పెద్దాయనొచ్చాడు, అంతే. ఇంకెవురూ రాలా.”

“బాగుంది! ఆయన బొమ్మను ఆయనే దొంగిలించాడా? రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు.”

మస్తాన్ తాళాల గుత్తి బల్లమీద పెట్టేశాడు. పొద్దున నా మీద కప్పిన గుడ్డ కింద నన్ను తడిమిన వేళ్ళు గరుకువే. కానీ మస్తాన్ వేళ్ళూ గరుకువే. చెబుదామంటే నాకున్నది తాళంచెవి, నోరు కాదు.

అప్పుడే గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. చెంగయ్య చూపు ముందు తాళాల మీద, తర్వాత మస్తాన్ మొహం మీద పడింది. ఆయన చొక్కా జేబులోంచి ఎర్ర శిరస్త్రాణం తొంగిచూస్తోంది.

“ఆ తాళాలు ఎత్తుకోరా మస్తానూ. తీసింది నేనమ్మా. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక రాకెట్టు ఎగిరేముందు, వీణ్ణి బొమ్మలో కూర్చోబెట్టి అట్నే అమ్మోరికి చూపించినా. ఆ రాకెట్టు పోయి సముద్రంలో పడింది. అందులో మనుషులు లేరు గదాని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఇంటికొచ్చి వీడి నవ్వు మొహం చూస్తే వీణ్ణి నేనే ముంచినట్టుండింది. ఆ పొద్దు నుంచీ ప్రయోగమున్న రోజు వీణ్ణి దించి జేబులో పెట్టుకుంటా. ఇయ్యాళ పదిన్నరకి ఒకటి ఎగరతా ఉంది, మీరెవురూ చూసుకున్నట్టు లేదు. అది క్షేమంగా పైకి చేరిందని చెప్పినాక, నా చేత్తోనే వీణ్ణి ఎక్కిస్తా. అందాకా ఆ కిటికీ ఖాళీగానే ఉండనీండి తల్లీ.”