అరగంట ఆలస్యపు అద్దం

ఆ బ్యూటీపార్లర్లో నిలువుటద్దం అరగంట ఆలస్యం. కుర్చీలో కూర్చుంటే మన మొహం బదులు, మనకంటే ముందు కూర్చుని లేచిపోయినవాళ్ళ మొహం కనిపిస్తుంది. మన జుట్టు ఏమైందో తెలియాలంటే పని అయ్యాక బెంచీ మీద కాచుకుని ఉండాలి. అప్పటికి ఎంత కోపమైనా చల్లారిపోతుంది కాబట్టి ఓనరక్కకి అద్దం మార్చే ఉద్దేశమే లేదు. "మంచిదే, కాస్త నిదానం," అంటుంది.

జుట్టు కత్తిరించే అమ్మాయి అద్దం జోలికి పోదు, వేళ్ళతోనే కొలుచుకుంటుంది. తనకి మూర్ఛ ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. మందుబిళ్ళలు దువ్వెనల డబ్బా అడుగున దాస్తుంది. ఇంతకుముందు పనిచేసిన రెండు చోట్లా మెలకువ వచ్చేసరికి చుట్టూ ఎవరూ లేరు. మర్నాటికి ఉద్యోగమూ లేదు. "ఒకసారి చూశారంటే ఇక నీ దగ్గర ఎవరూ నిలబడరు," అని అమ్మ ముందే చెప్పింది.

ఆ రోజు లెక్కల టీచరు వచ్చింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఎడమవైపు జుట్టు చెవిదాకా కత్తిరించడం అయింది. కుడివైపుకి తిరుగుతుండగా అమ్మాయి పడిపోయింది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద పక్కకి ఒత్తిగిలి ఉంది. నోట్లో నెత్తురు రుచి. తల కింద మడత పెట్టిన తువ్వాలు. కాసేపటికి ఎలాగో లేచి, ఎవరి మొహమూ చూడకుండా కత్తెరలు సంచీలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అంది ఓనరక్క.

"మానేస్తున్నానక్కా. మీరు పొమ్మనేలోపే."

"నేనెప్పుడన్నానే పొమ్మని?"

"అంటారు."

తను పడిపోయి అప్పటికి సరిగ్గా అరగంట. అద్దం ఆ క్షణానికి చేరుకుంది.

అందులో అమ్మాయి కొయ్యలా బిగుసుకుని దబ్బున పడింది. కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఇవతల అమ్మాయి అద్దానికి దగ్గరగా జరిగింది. ఇదా? ఇదా నేను? ఇన్నేళ్ళలో తన మూర్ఛని తను చూడటం ఇదే మొదలు. చూపు తిప్పుకోలేక, వాళ్ళు పారిపోయే క్షణం కోసం చూస్తూ నిలబడింది.

వాళ్ళు పారిపోలేదు.

సగం జుట్టుతో టీచరు మోకాళ్ళ మీద కూలబడి, కుర్చీని అవతలికి తోసి, కత్తెర దూరంగా విసిరి, తల కింద తువ్వాలు పెట్టింది. ఓనరక్క గ్లాసుతో పరిగెత్తుకొచ్చి నోట్లో నీళ్ళు పోయబోయింది. టీచరు ఆమె చేతి మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి ఇంకా మండుతోంది టీచరుగారూ," అంది ఇవతల ఓనరక్క.

"ఆ టైములో నీళ్ళు పోస్తే ఊపిరాడదు. మళ్ళీ పోస్తే మళ్ళీ కొడతాను."

అద్దంలో ఓనరక్క గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, వీధిలో ఎవరూ లోపలికి తొంగిచూడకుండా నిలబడింది. వీపు ఇటువైపు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. టీచరు అమ్మాయిని పక్కకి తిప్పి, గడియారం మీద ఓ కన్నేసి, ఆపకుండా ఏదో గొణుగుతోంది.

"ఏమంటున్నారు మీరు?" అంది అమ్మాయి, అద్దంలో ఆవిడ పెదాలనే చూస్తూ.

టీచరు మొదటిసారి తడబడింది. "పదమూడో ఎక్కం. భయమేస్తే నాకదే వస్తుంది."

అమ్మాయి బెంచీ మీద చతికిలబడింది. ఆ కాసేపూ తను ఒక్కతే ఉంటుందనుకుంది, ఇన్నేళ్ళూ.

"వచ్చేముందు కాలిన రబ్బరు వాసన వేస్తుంది," అంది, ఎవరికీ చెప్పని మాట. "ఈసారి వెయ్యగానే చెప్తాను."

"ఎదురుగా టైర్ల కొట్టు పెట్టుకుని ఎలా పోల్చుకుంటావే?"

"అది వేరేలే అక్కా."

ఓనరక్క మిగతా సగం పూర్తి చేద్దామని కత్తెర అందుకుంది. టీచరు తల పక్కకి లాక్కుంది. "మీరొద్దు. ఈ పూట తను పడుకోవాలి. రేపు తనే కత్తిరిస్తుంది."

"అందాకా ఇలాగే తిరుగుతారా?"

"తను రాకపోతే బడికీ ఇలాగే వెళ్తాను."

ఆవిడ నిజంగానే వీధిలోకి దిగింది. టైర్ల కొట్టువాడు చేతిలో గాలిగొట్టం వదిలేశాడు. ఇద్దరు పిల్లలు సైకిళ్ళు ఆపేశారు.

అమ్మాయి గుమ్మందాకా వచ్చి గొంతెత్తింది. "రేపు బడి గంట కొట్టేలోపే వచ్చెయ్యండి టీచరుగారూ. ఆలస్యమైతే ఊరుకోను."