లాడ్జి గోడ మీది వాన

ఇండోనేషియాలోని బొగోర్‌లో వాన పడని రోజులనే మేం లెక్కపెట్టుకుంటాం. అక్కడ ముప్పై మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పున్న రేకుల షెడ్డులో నేను సోయాగింజలు పులియబెట్టి, వండుకు తినే టెంపే అచ్చులు చేస్తాను. మేస్త్రీ సోబారి కంటికొలతతో పెట్టిన, కప్పు మీది వాననీళ్లు కిందికి దింపే రెండు గొట్టాలు చాలక ఏటా నీళ్లు లోపలికి పొంగేవి. విసిగిపోయి కిందటేడు ఎయిస్ అనే ఇంజనీరమ్మాయిని పిలిచాను.

ఆమె టేపు పట్టి కొలిచింది.

"కప్పు మూడువందల అరవై చదరపు మీటర్లక్కా. పెద్దవానంటే గంటకి రెండువందల మిల్లీమీటర్లు. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు పడితే లీటరు. అంటే గంటకి డెబ్బైరెండు వేల లీటర్లు, సెకనుకి ఇరవై. ఈ గొట్టం ఐదు లీటర్లకి మించి మింగదు. నాలుగు కావాలి. రెండే పెట్టిన మహానుభావుడెవరు?"

మహానుభావుడు నిచ్చెన మీదే ఉన్నాడు.

"ముప్పైయేళ్లుగా కప్పులు వేస్తున్నానమ్మాయ్!"

"ముప్పైయేళ్లుగా జనాన్ని తడుపుతున్నావన్నమాట."

"కాగితం మీద వాన పడదు. ఆ పక్కన చూడు..."

"లెక్క రానివాళ్లు నోరు మూసుకుంటే పని నడుస్తుంది."

కూలీలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. సోబారి మొహం మాడిపోయింది. మూడు రోజులు ఒక్క మాట మాట్లాడకుండా, ఆమె చెప్పినచోటల్లా గొట్టాలు బిగించి వెళ్లిపోయాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. నాలుగు గొట్టాలూ నిండా పారుతున్నా, కప్పు అంచు కాలువ పొంగి అచ్చుల మీద పడింది. ఇద్దరికీ ఫోన్ చేశాను. ఇద్దరూ వచ్చారు.

ఎయిస్ వానలో నిలబడి తలెత్తింది. షెడ్డును ఆనుకొని నాలుగంతస్తుల లాడ్జి. గాలికి వాన దాని గోడను కొట్టి, ధారలుగా మా రేకుల మీదికి జారుతోంది.

"గోడ షెడ్డంత పొడవు, పన్నెండు మీటర్ల ఎత్తు... ఆ వైశాల్యంలో సగం కప్పు లెక్కకి కలపాలి. ఇంకో రెండు గొట్టాలు" అంది పీలగా.

"అబ్బో! ఇప్పటికి కనబడిందా?" అన్నాడు సోబారి.

"నీకు ముందే తెలుసా?"

"లాడ్జి లేచిన ఏడే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నోరు మూసుకోమన్నావు. మూసుకున్నాను."

"ఈవిడ సరుకంతా పాడవుతుందని తెలిసీ ఊరుకున్నావా? మనిషివేనా?"

"ఆ రోజు నవ్వినవాళ్లలో ఈవిడా ఉంది."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. కానీ కళ్ల ముందు రెండు వందల అచ్చులు బురదలో తేలుతున్నాయి.

"పైకెక్కండి, ఇద్దరూ!" అని అరిచాను.

వాన వెలిశాక ఎక్కారు. అతను కాలువకు కన్నాలు కోశాడు, ఆమె గొట్టం పట్టుకుంది. సుత్తి కావాలన్నా నన్నే అడిగారు. ఆమె చేతిలోంచి తీసుకుని అతనికి అందించాను.

ఆరు గొట్టాలయ్యాక నీళ్లు మళ్లీ పొంగలేదు. సోబారి మాత్రం మా వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతాడు. నేనూ పిలవలేదు.